హనుమకొండ నుంచి మాస్కో దాకా: నా గూఢచారి నవల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నవల వెలువడినప్పటి నుంచి పాఠకులు ఉత్తరాల్లో, ఫోన్లో, హనుమకొండలోనూ కరీంనగర్‌లోనూ జరిగిన సభల్లో అడిగిన ప్రశ్నలివి. సభలో నిలబడి చెప్పిన జవాబులు ఎప్పుడూ సగంలోనే ఆగిపోయాయి. ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను. కథ ముగింపు గురించిన ప్రశ్న ఒకటి ఉంది. నవల ఇంకా పూర్తి చేయనివారు దాన్ని దాటేయండి.

కథ దేని గురించి?

కాలం 1985. హనుమకొండ అమ్మాయి ఒకతె మాస్కోలో రష్యన్ పిల్లల పుస్తకాలను తెలుగులోకి అనువదించే ఉద్యోగం చేస్తుంటుంది. ఒక సాయంత్రం తాను దిద్దిన ప్రూఫుల అంచున తాను రాయని దిద్దుబాటు ఒకటి కనిపిస్తుంది. అచ్చం తన దస్తూరీయే. ఆ దిద్దుబాటు ఎవరు పెట్టారు, ఎవరు చదవడానికి పెట్టారు అన్న అనుమానంతో మొదలైన కథ హెల్సింకీ, ఢిల్లీ మీదుగా కాజీపేట జంక్షన్‌కు చేరుతుంది. ఆమె పేరు ఇక్కడ చెప్పను. నవలలో ఆమెకు మూడు పేర్లున్నాయి, వాటిలో అసలుది ఏదో తెలుసుకోవడం పాఠకుడి వంతు.

హనుమకొండ అమ్మాయికి మాస్కోలో ఉద్యోగమా? నమ్మేలా ఉందా?

నన్ను ఎక్కువమంది అడిగింది ఇదే. అడిగినవారిలో చాలామంది 1990 తర్వాత పుట్టినవారు. అంతకు ముందు పుట్టినవారికి ఈ సందేహం రాలేదు, ఎందుకంటే వారి ఇళ్ళలో ఆ పుస్తకాలు ఉండేవి.

మాస్కోలోని ప్రగతి ప్రచురణాలయం, 1982 నుంచి దానితో పాటు రాదుగ, భారతీయ భాషలెన్నింటిలోనో పుస్తకాలు అచ్చువేసేవి. వాటిలో తెలుగు ఒకటి. అనువాదాలు చేయడానికి తెలుగువాళ్ళు మాస్కో వెళ్ళి, అక్కడే ఇల్లు తీసుకుని ఏళ్ళ తరబడి ఉండేవారు. ప్రగతి కార్యాలయం జుబోవ్‌స్కీ బులవార్‌లో 17వ నంబరు భవనం. ఆ పుస్తకాలు ఓడల్లో మన దేశానికి వచ్చి, విశాలాంధ్ర దుకాణాల్లో చిల్లర డబ్బులకు దొరికేవి. గట్టి అట్ట, రంగు బొమ్మలు, ఒకరకమైన సిరా వాసన. 'సోవియట్ భూమి' పత్రిక నున్నటి కాగితాన్ని మా బడి పుస్తకాలకు అట్టలు వేసుకునేవాళ్ళం. నా లెక్కల పుస్తకం మీద ఒక ఏడాదంతా ఎవరో ట్రాక్టర్ నడుపుతూ నవ్వుతుండేవాడు.

చలి దేశంలో కూర్చుని ఎలుగుబంటి కథను తెలుగు చేస్తున్న మనిషికి ఎన్ని మెలకువలు కావాలో ఆలోచించండి. రెండు భాషలు, రెండు దేశాల మర్యాదలు, ఏది చెప్పాలో ఏది చెప్పకూడదో తెలియడం. గూఢచారి సంస్థ ఏదైనా వెతికేది సరిగ్గా ఇలాంటి మనిషినే. పైగా ఆమె చేతిలో దౌత్య పాస్‌పోర్టు లేదు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి, మళ్ళీ దానికే వస్తాను.

1985నే ఎందుకు ఎంచుకున్నారు?

ఆ సంవత్సరం రహస్య ప్రపంచంలో ఉన్నంత ఉక్కపోత మరెప్పుడూ లేదని నా నమ్మకం. జనవరిలో ఢిల్లీలో ప్రధాని కార్యాలయం దాకా పాకిన గూఢచర్యం కేసు బయటపడింది. మార్చి 11న గోర్బచెవ్ సోవియట్ పార్టీ పగ్గాలు చేపట్టాడు. ఏప్రిల్‌లో సీఐఏ అధికారి ఆల్డ్రిచ్ ఏమ్స్ వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబార కార్యాలయంలోకి తనంతట తానే నడిచి వెళ్ళి, డబ్బుకు తన సంస్థ రహస్యాలు అమ్మడం మొదలుపెట్టాడు. మేలో రాజీవ్ గాంధీ మాస్కో పర్యటన. జూన్‌లో అమెరికాకు రాడార్ రహస్యాలు అందిస్తున్న సోవియట్ ఇంజనీరు తొల్కచోవ్ అరెస్టు. జులైలో, సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీలో కర్నల్‌గా ఉంటూ రహస్యంగా బ్రిటన్‌కు పనిచేస్తున్న గోర్దియెవ్‌స్కీ తప్పించుకుపోవడం. ఇవన్నీ ఏడు నెలల్లో!

ఏమ్స్‌ను అమెరికా పట్టుకున్నది 1994 ఫిబ్రవరిలో. దాదాపు తొమ్మిదేళ్ళు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మన పెద్దలు ఊరికే అనలేదు.

గోర్దియెవ్‌స్కీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా నవలలోని జంపఖానా సన్నివేశానికి మూలం అదే. తాను ప్రమాదంలో ఉన్నానని బ్రిటిష్ వారికి చెప్పాలంటే ఆయన చేయవలసిందల్లా ఒక బ్రిటిష్ కిరాణా దుకాణం ప్లాస్టిక్ సంచీ పట్టుకుని, నిర్ణయించిన రోజున, నిర్ణయించిన వేళకు మాస్కో వీధిలో నిలబడటం. అటుగా నడిచి వెళ్ళే మనిషి చాక్లెట్ తింటూ కనిపిస్తే సంకేతం అందినట్టు. మాటా లేదు, చీటీ లేదు. తర్వాత ఆయన్ని కారు డిక్కీలో పడుకోబెట్టి ఫిన్లాండ్ సరిహద్దు దాటించారు. సరిహద్దు కుక్కలు వాసన పట్టకుండా ఉండటానికి, కారులో ఉన్న దౌత్యాధికారి భార్య పసిబిడ్డకు అక్కడే గుడ్డ మార్చింది. ఇది చదివాక మా ఇంటి డాబా మీద ఆరేసిన వరంగల్ జంపఖానాను చూశాను. చారలు నిలువుగా ఉంటే ఒక అర్థం, అడ్డంగా ఉంటే మరో అర్థం అని ఎవరైనా అనుకుంటే, వీధిలో ఎవరికి తెలుస్తుంది? నవలలో పదకొండో అధ్యాయం అలా పుట్టింది.

తుపాకులు, వెంటపడటాలు ఎందుకు లేవు? థ్రిల్లర్ అన్నారు కదా?

ఒక చోట పరుగు ఉంది, కాజీపేట వంతెన మీద. మిగతా అంతా నడకే. నిజమైన గూఢచర్యంలో ఎక్కువ భాగం నడవడం, ఆగడం, వెనక ఎవరూ లేరని తేల్చుకోవడానికి మూడు గంటలు ఊరంతా తిరగడం. ఆ తిరుగుడులో ఉన్న భయం తుపాకీ శబ్దంలో లేదు.

1977 జులైలో మాస్కోలో మార్తా పీటర్సన్ అనే సీఐఏ అధికారిణి నది మీది వంతెన గోడలో తారుముద్దలా కనిపించే డొల్ల వస్తువును పెట్టి తిరిగి వస్తుండగా కేజీబీ పట్టుకుంది. అంతవరకూ ఏడాదికి పైగా ఆమెను ఎవరూ వెంబడించలేదు. కారణం ఒక్కటే, ఆమె ఆడమనిషి. ఆడవాళ్ళు ఇలాంటి పని చేస్తారని కేజీబీ అనుకోలేదు. కార్యాలయంలో గుమాస్తా అనుకున్నారు.

ఆ తర్వాత జరిగిందే నాకు నిద్ర లేకుండా చేసింది. పీటర్సన్‌కు దౌత్య రక్షణ ఉంది. కొన్ని గంటల విచారణ తర్వాత వదిలేశారు, దేశం నుంచి పంపించేశారు. ఆమె ఎవరికోసం ఆ వస్తువు పెట్టిందో ఆ రష్యన్ ఉద్యోగి అప్పటికే చనిపోయాడు. అరెస్టు చేసినప్పుడు కలంలో దాచుకున్న విషం మింగాడు. తొల్కచోవ్‌ను 1986లో చంపేశారు. దౌత్యవేత్తల రక్షణ గురించి 1961 వియన్నా ఒడంబడిక ఉంది. ఆతిథ్య దేశం వారిని వద్దనవచ్చు, వెళ్ళిపొమ్మనవచ్చు, జైల్లో పెట్టకూడదు. స్థానికుడికి అలాంటి ఒడంబడిక ఏదీ లేదు. నేను ఈ నవల రాసింది ఆ రెండోవాడి కోసం. సినిమాలన్నీ మొదటివాడి గురించే వస్తాయి.

'ఏజెంటు' అనే మాటను మీరు విచిత్రంగా వాడారు. తప్పు కాదా?

కాదు. మన సినిమాల్లో జీతం తీసుకునే అధికారిని ఏజెంటు అంటారు. ఆ వృత్తిలో ఉన్నవారు అలా అనరు. సంస్థలో ఉద్యోగం చేసేవాడు అధికారి. అతని మాట విని, తన దేశపు రహస్యాన్ని తెచ్చి ఇచ్చేవాడు ఏజెంటు. ప్రాణం పోయేది సాధారణంగా రెండోవాడిదే. ఈ తేడా తెలియకపోతే నవల సగం అర్థం కాదు, అందుకే మొదటి అధ్యాయంలోనే ఒక పాత్ర చేత చెప్పించాను.

ఇంగ్లీషు మాటలు వాడకుండా వేగు, దాపు, ఉభయవేతనుడు అని ఎందుకు రాశారు?

ఎందుకంటే ఈ మాటలు మనకు ఉన్నాయి. వేగు అంటే రహస్య సమాచారం, అది తెచ్చేవాడు వేగులవాడు. చారుడు, గూఢచారి సంస్కృతం నుంచి వచ్చినవి. ఇద్దరూ ఎదురుపడకుండా ఒకరు పెట్టి మరొకరు తీసుకునే చోటును ఇంగ్లీషులో డెడ్ డ్రాప్ అంటారు. నేను దాపు అన్నాను. దాచడం, దాపరికం మనం రోజూ అనే మాటలే, కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు.

ఉభయవేతనుడు కౌటిల్యుడి మాట. రెండు వైపులా జీతం తీసుకునే వేగులవాడు. అర్థశాస్త్రంలో అతని గురించి ఒక వాక్యం ఉంది. భార్యాబిడ్డలను తమ దగ్గర ఉంచుకుని మరీ అలాంటివారిని పంపాలంటాడు. రెండు వేల ఏళ్ళ నాటి ఆ వాక్యం చదివినప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. సోవియట్ కాలంలో విదేశాలకు వెళ్ళే అధికారుల కుటుంబాలను కొన్నిసార్లు వెనకే ఉంచేవారు. గోర్దియెవ్‌స్కీ తప్పించుకుపోయాక ఆయన భార్య, పిల్లలు ఆరేళ్ళు అక్కడే ఉండిపోయారు.

మరో విషయం. మనిషిని ఏజెంటుగా మార్చే కారణాలు నాలుగని పాశ్చాత్యులు చెబుతారు: డబ్బు, సిద్ధాంతం, బెదిరింపు, అహం. కౌటిల్యుడు కూడా శత్రుదేశంలో ఎవరిని తిప్పుకోవచ్చో నాలుగు వర్గాలుగా విభజించాడు. క్రుద్ధులు, భీతులు, లుబ్ధులు, మానులు. కోపంతో ఉన్నవారు, భయపడినవారు, ఆశపోతులు, ఆత్మాభిమానం దెబ్బతిన్నవారు. నాకు కౌటిల్యుడి జాబితాయే నచ్చింది. అందులో కోపం ఉంది. నా కథానాయిక డబ్బుకు లొంగలేదు, బెదిరింపుకూ లొంగలేదు. ఆమెకు కోపం వచ్చింది. ఎందుకు వచ్చిందో పధ్నాలుగో అధ్యాయంలో తెలుస్తుంది.

సంకేత భాష నిజంగా అలాగే పనిచేస్తుందా?

పనిచేస్తుంది. దీనికి జవాబు మా నాన్నగారితో మొదలుపెట్టాలి. ఆయన తంతి కార్యాలయంలో పనిచేసేవారు. పెళ్ళికి శుభాకాంక్షల టెలిగ్రాం పంపేవారు వాక్యమంతా రాయనక్కర్లేదు. పట్టికలో ఆ వాక్యానికి ఒక అంకె ఉండేది. ఆ అంకె వెళ్ళేది, అవతలి కార్యాలయంలో వాక్యంగా మారేది. ఖర్చు తగ్గించడానికి చేసిన ఏర్పాటు అది, రహస్యం కోసం కాదు. కానీ కోడ్ అంటే అదే. ఇద్దరి దగ్గరా ఒకే పట్టిక ఉండటం.

దానికి మీద ఇంకో పొర వేస్తే గూఢచారి పద్ధతి అవుతుంది. పంపవలసిన అంకెలు 4 7 1 అనుకోండి. ఇద్దరి దగ్గరా ఒకే రకం చిన్న పుస్తకం ఉంటుంది, అందులో ఏ క్రమమూ లేని అంకెలు. ఈ రోజు పుటలో 8 5 6 ఉంది. కలపండి, పదులు వదిలేయండి. 4, 8 కలిపితే 12, అందులో 2. 7, 5 కలిపితే 12, మళ్ళీ 2. 1, 6 కలిపితే 7. పంపేది 2 2 7. అవతలివాడు తన పుటలోని 8 5 6 తీసేస్తాడు, తక్కువ పడినచోట పది అరువు తెచ్చుకుంటాడు, 4 7 1 వస్తుంది. పుట చింపి కాల్చేస్తారు. ఒక్కసారి మాత్రమే వాడితే దీన్ని ఛేదించడం ఎవరివల్లా కాదు, కంప్యూటర్ వల్ల కూడా. రెండోసారి వాడారా, దారి దొరికినట్టే. 1940లలో సోవియట్ వైపు కొన్ని పుటలను రెండేసి సార్లు ముద్రించి వాడారు. అమెరికా, బ్రిటన్ నిపుణులు ఏళ్ళ తరబడి కూర్చుని ఆ సందేశాల్లో కొన్నింటిని విప్పారు.

నవలలో మాత్రం నేను పుస్తక సంకేతం వాడాను. ఒకే పుస్తకం ఇద్దరి దగ్గరా ఉంటుంది. పుట, పంక్తి, మాట, ఈ మూడు అంకెలు పంపితే చాలు. ఇంగ్లీషులో ఇది సులభం. తెలుగులో ఎంత కష్టమో రాయడానికి కూర్చున్నప్పుడు కానీ తెలియలేదు. 'వెళ్ళిపోయింది' ఒక మాటా రెండు మాటలా? 'ఏమి అన్నాడు' అని విడదీసి అచ్చువేసిన చోట ఇంకో ముద్రణలో 'ఏమన్నాడు' అని కలిపేస్తే, ఆ పంక్తిలో తర్వాతి అంకెలన్నీ ఒకటి జరిగిపోతాయి. కథానాయిక ఒకటిగా లెక్కపెట్టిన మాటను హెల్సింకీలో ఉన్నవాడు రెండుగా లెక్కపెడతాడు. 'రావద్దు' అన్నది 'నది' అవుతుంది. ఆమె నది దగ్గరకు వెళుతుంది. ఈ ఒక్క మలుపు కోసం నవల ప్రణాళిక మొత్తం మార్చి రాశాను. సంధి మీద నడిచే గూఢచారి కథ మనలాంటి భాషల్లోనే సాధ్యం.

మామునూరు విమానాల అధ్యాయం నిజమా?

సగం నిజం. నిజమైన సగం ఇది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా వైమానికుడు 1939లో, రెండో ప్రపంచ యుద్ధం మొదలవకముందు, వ్యాపారిగా తిరుగుతూ విమానంలో దాచిన కెమెరాలతో బ్రిటిష్ నిఘా సంస్థకు జర్మనీ ఫొటోలు తీసి ఇచ్చాడు. అదే మనిషి 1948లో లాంకాస్ట్రియన్ విమానాల్లో కరాచీ నుంచి నిజాం రాజ్యానికి రాత్రివేళ ఆయుధాలు చేరవేశాడు. ఆ తర్వాత బ్రిటన్ కోర్టు అతనికి జరిమానా వేసింది. ఆ ఏడాది సెప్టెంబర్ 13న భారత సైన్యం ప్రవేశించింది, అయిదు రోజుల్లో నిజాం సైన్యం లొంగిపోయింది.

కల్పన సగం ఇది. ఒక విమానం మామునూరులో దిగడం, లాంతరు పట్టుకుని దారి చూపిన కుర్రవాడు, అతను ఆ రాత్రి దాచుకున్న కాగితం. మామునూరులో నిజాం కాలపు విమానాశ్రయం ఉండటం మాత్రం వాస్తవం. ఆ కుర్రవాడు కథానాయికకు తాత. అతని చేతిలోనూ ఏ పాస్‌పోర్టూ లేదు.

కథలోని చోట్లు చూడాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

కాజీపేట జంక్షన్‌తో మొదలుపెట్టండి. సికింద్రాబాద్ నుంచి వచ్చే దారి, ఢిల్లీ నుంచి బల్లార్షా మీదుగా వచ్చే దారి, విజయవాడ వైపు పోయే దారి కలిసే చోటు. వెంబడించేవాడిని వదిలించుకోవడానికి ఇంతకంటే మంచి స్టేషన్ ఉత్తర తెలంగాణలో లేదు. ఏ ప్లాట్‌ఫారం మీద నిలబడినా మూడు దిక్కులకు పోయే మనిషిలా కనిపిస్తారు. తర్వాత వరంగల్ కోట. మట్టికోట గోడ ఎక్కి, అక్కడి నుంచి రాతికోట వైపు చూస్తే, శత్రువును రెండుసార్లు ఆపడానికి కట్టిన ఆ ఆలోచన కళ్ళకు కడుతుంది. దాపు సన్నివేశం కీర్తితోరణాల దగ్గర రాయలేదు, ఎందుకంటే అక్కడ రాళ్ళలో ఏదైనా పెట్టమని పాఠకులకు నేర్పడం నాకు ఇష్టం లేదు. భద్రకాళి చెరువు గట్టు మీద మఱ్ఱిచెట్టు మాత్రం వెతకకండి, అది నేను నాటిందే.

మన దేశపు నిఘా సంస్థను తక్కువ చేసి చూపారని కొందరు అన్నారు.

తక్కువ చేయలేదు, తక్కువగా చూపాను. 1968 సెప్టెంబరులో రామేశ్వర్‌నాథ్ కావ్ నాయకత్వంలో మన విదేశీ నిఘా సంస్థ 'రా' ఏర్పడింది. అంతవరకూ బయటి దేశాల పనీ ఇంటెలిజెన్స్ బ్యూరోదే. నవలలో ఒక రాయబార కార్యాలయ కార్యదర్శి రెండు అధ్యాయాల్లో వస్తాడు. అతను మంచివాడు. తన పని తాను చేస్తాడు. అతని పని, నా కథానాయిక ప్రాణం, ఈ రెండూ ఒకటి కాదు. అంతే నేను చెప్పింది.

ఇలాంటివి రాస్తే అధికార రహస్యాల చట్టం కింద ఇబ్బంది రాదా?

1923 నాటి ఆ చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది, రక్షణ రంగానికి సంబంధించిన గూఢచర్యానికి పధ్నాలుగేళ్ళ దాకా శిక్ష వేయవచ్చు. నేను వాడినవన్నీ ఎప్పుడో అచ్చయిన విషయాలు. మీరు ప్రభుత్వోద్యోగి అయి, ఉద్యోగంలో తెలిసిన విషయం రాయాలనుకుంటే ముందు న్యాయవాదిని కలవండి. ఆ విషయంలో నా సలహా తీసుకోకండి.

పిల్లలు చదవచ్చా?

పదమూడేళ్ళు దాటినవారు చదవచ్చు. విచారణ గది ఉన్న అధ్యాయం పెద్దవాళ్ళు ముందు చదివి చూడటం మంచిది.

నేనూ గూఢచారి నవల రాయాలనుకుంటున్నాను, అక్కా. ఎక్కడ మొదలుపెట్టను?

హనుమకొండలోని రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయానికి వెళ్ళండి. 1904లో పెట్టిన గ్రంథాలయం అది. మీ కథ జరిగే ఏడాది పాత వార్తాపత్రికలు ఎక్కడ ఉన్నా వెతికి, మూడు నెలలవి వరుసగా చదవండి. వార్తల కోసమే కాదు. బియ్యం ధర, సినిమా ప్రకటనలు, రైలు ఆలస్యాలు, ఉత్తరం చేరడానికి పట్టే రోజులు. గూఢచారి ఆ ధరల మధ్యే బతుకుతాడు. నాయకుడికి శత్రువు ఎవరో తేల్చకముందు, అతను కూరగాయలు ఎవరి దగ్గర కొంటాడో తేల్చుకోండి. ఆ కూరగాయల మనిషికే అతని రాకపోకలు అందరికంటే ముందు తెలుస్తాయి.

సెల్‌ఫోను ఉన్న కాలం కథ అయితే, ఫోను గురించి మొదటే ఆలోచించాలి. జేబులో ఫోను ఉన్నవాడు తన జాడ తానే చెప్పుకుంటూ తిరుగుతున్నట్టు. ఆ రోజు ఫోను ఇంట్లో వదిలి వెళ్ళినా, అది కూడా ఒక జాడే.

(ముగింపు గురించి) ఆమెను ఎందుకు రక్షించలేదు?

చాలామంది కోపగించారు. కరీంనగర్ సభలో ఒక పెద్దావిడ లేచి, "ఆ పిల్లను ఇంటికి తీసుకురావలసింది" అని కూర్చుండిపోయారు. నేను జవాబు చెప్పలేకపోయాను.

మొదటి రాతప్రతిలో తీసుకొచ్చాను. కాజీపేటలో రైలు ఆగుతుంది, ఆమె దిగుతుంది. రెండు నెలలు ఆ పుటలు పక్కన పెట్టి మళ్ళీ చదివితే అబద్ధంలా అనిపించింది. కారు డిక్కీ అధికారికి విలువైన మనిషి కోసం తెరుచుకుంటుంది. పిల్లల పుస్తకాల అనువాదకురాలి కోసం ఎవరు తెరుస్తారు? అందుకే ఆమె రాలేదు. ఆమె దిద్దిన పుస్తకం వచ్చింది. రైల్లో ఎవరో వదిలేసిన ఆ పుస్తకాన్ని కూలీ ఒకతను కూతురికి తీసుకెళతాడు. ఆ పాప వేలు పెట్టి మాటలు కూడబలుక్కుంటుంది. నవల అక్కడ ఆగుతుంది.

రెండో భాగం ఉందా?

లేదు.

పుస్తకంలో తప్పు కనబడితే చెప్పవచ్చా?

తప్పకుండా చెప్పండి. మొదటి ముద్రణలో కథానాయిక మాస్కో నుంచి హనుమకొండకు నేరుగా నంబరు తిప్పి మాట్లాడుతుంది. పదవీ విరమణ చేసిన టెలిఫోన్ ఆపరేటర్ ఒకరు నాలుగు పుటల ఉత్తరం రాశారు. ఆ రోజుల్లో ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి కాచుకోవలసి వచ్చేదట, ఇంట్లో ఫోను లేనివారికి పీపీ కాల్ పెట్టి పక్కింటి నుంచి పిలిపించేవారట, లైను కలిశాక మొదటి నిమిషమంతా "వినిపిస్తోందా" అనడానికే సరిపోయేదట. ఆ సన్నివేశం తిరగరాశాను. ఆవిడ చెప్పిన నిరీక్షణతో అది ముందుకంటే ఎంతో బాగా వచ్చింది.

మీరు రాసేటప్పుడు ఎన్నో ముద్రణో పేర్కొనండి. ఆ తర్వాత పుట, పంక్తి, మాట, ఈ మూడూ తప్పక రాయండి. కలిపి అచ్చయిన మాటను ఒకటిగానే లెక్కపెట్టండి.